పదకొండింటి గొంతు

"ఎవరో రాసిచ్చిన కాగితం చదివి రావడమేగా. దానికి కూడా అలసటేనా?" అంటాడు వుకోతా, పెళ్ళాం మిలోయ్కా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడిన ప్రతిసారీ. ఇరవై ఒక్క ఏళ్ళలో కుర్చీ రెండుసార్లు మారింది గానీ ఆ మాట మారలేదు.

ఆ కాగితాలు చావు కాగితాలు. బ్యెలా గోరా రేడియోలో రోజూ పొద్దున్న పదకొండింటికి, ఆ చుట్టుపక్కల కొండల్లో ఎవరు పోయారో, ఎన్నేళ్ళకి పోయారో, ఎప్పుడు పూడుస్తారో, దుఃఖంలో ఉన్నవాళ్ళు ఎవరెవరో చదివేది మిలోయ్కా. నలభై చిల్లర ఊళ్ళు. సగం ఊళ్ళలో ఫోను పలకదు, మంచు పడితే పోస్టు మనిషి పైకి ఎక్కడు. రేడియో మాత్రం ఎంత లోయలోకైనా దిగుతుంది. పదకొండయ్యేసరికి కాఫీ గింజలు తిరగలిలో విసిరే చేతులు ఆగిపోతాయి, గొర్రెలకి గడ్డి వేస్తున్నవాడు కొట్టం గుమ్మంలోకొచ్చి నిలబడతాడు. "ష్, ఎవరు పోయారో విననివ్వండి" అంటారు. పిల్లనగ్రోవి పాట ఒకటి అర నిమిషం మోగుతుంది. తరువాత ఆ గొంతు వస్తుంది. ఆ గొంతు పేరు ఎవరికీ తెలియదు. వాతావరణం చెప్పేవాడు పేరు చెప్పుకుంటాడు, ఫుట్‌బాల్ సంగతులు చెప్పేవాడు ఇంటిపేరుతో సహా చెప్పుకుంటాడు. చావులు చదివే మనిషికి పేరెందుకని డైరెక్టర్ మోమిర్ గారి అభిప్రాయం. "చావు దగ్గర పేరు చెప్పుకుంటే ఏం బావుంటుందమ్మా?" అన్నాడు ఒకసారి, ఎంతో సున్నితంగా, ఆమె పెట్టిచ్చిన కాఫీ తాగుతూ.

ఆ కాఫీ సంగతి కూడా చెప్పాలి. మిలోయ్కా ఆ రేడియోలో చేరింది నేల తుడవడానికి. అప్పట్లో చదివే పెద్దమనిషికి ఒక చలికాలం గొంతు పూడుకుపోతే, ఆ ఒక్క రోజుకి ఆమెను కూర్చోబెట్టారు. ఆ ఒక్క రోజు ఇంకా గడవలేదు. ఆఫీసు కాగితాల్లో ఆమె ఇప్పటికీ నేల తుడిచే మనిషే. తుడుస్తూనే ఉంది, కాఫీలు పెడుతూనే ఉంది, మధ్యలో చావులు చదువుతోంది. స్టేషన్‌కి నలభై ఏళ్ళు నిండినప్పుడు ముగ్గురు మగవాళ్ళకి ఇత్తడి ఫలకాలు ఇచ్చారు. ఆ ఫలకాలు తుడిచి మెరిపించి, పళ్ళెంలో పెట్టి వేదిక దాకా మోసుకెళ్ళి, తరువాత విందు గిన్నెలు కడిగింది మిలోయ్కాయే. ఊరి మేయరు ఆమెను చూసి "మాంసం బ్రహ్మాండంగా కాల్చావమ్మా" అని మెచ్చుకున్నాడు. ఆమె బదులు చెప్పింది కూడా. రోజూ వినే గొంతే, అయినా గుర్తుపట్టలేదు. ఆ గొంతుకి ఒక మనిషి ఉంటుందని అతనికి ఎప్పుడూ తోచి ఉండదు.

స్టూడియో గోడకి ఒక పాత అట్ట వేలాడుతుంది. 'కుటుంబం ఇచ్చినది ఇచ్చినట్టే చదవాలి' అని ఉంటుంది దాని మీద. వెనకటికి ఎవరో జాలిపడి ఒక పేరు కలిపి చదివినందుకు రెండిళ్ళ వాళ్ళు నాలుగేళ్ళు ఒకే చర్చికి రెండు గుమ్మాల్లోంచి వెళ్ళారట. ఆ కొండల్లో చావు ప్రకటన అంటే ఉత్త కబురు కాదు, పిలుపు. అందులో పేరున్నవాళ్ళే శవం ఉన్న ఇంటి ముందు వరుసగా నిలబడతారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళ చేయీ పట్టుకుని పలకరిస్తారు. పేరు లేనివాళ్ళకి వరుసలో చోటు లేదు, చోటు లేని చావుకి రావడం సిగ్గుచేటు. పేర్లు మగవాళ్ళవి. కొడుకులు, అన్నదమ్ములు, వాళ్ళ కొడుకులు, చచ్చినవాళ్ళ మొహం ఏనాడూ చూడని ముత్తాత వైపు బంధువులు. ఆఖర్న 'మిగతా ఇంటివాళ్ళు'. ఆ మిగతాలో ఆడవాళ్ళంతా వస్తారు. వాళ్ళు వంటింట్లో కాఫీ కాస్తుంటారు. ఇరవై ఒక్క ఏళ్ళలో 'మిగతా ఇంటివాళ్ళు' అని మిలోయ్కా కొన్ని వేలసార్లు చదివింది. ఆ మాట దగ్గర ఆమె గొంతు కొంచెం దిగేది. ప్రకటన అయిపోయిందనడానికి గుర్తుగా దించుతోందని జనం అనుకునేవాళ్ళు.

అత్తగారు స్తానియా ఏడేళ్ళు మంచం మీద ఉంది. మంచి అత్తగారని అబద్ధం చెప్పక్కర్లేదు. కొత్త కోడలు మొదటిసారి చేసిన రొట్టెను కుక్క ముందు వేసి, అది తింటుందో లేదో చూద్దాం రండని ఇరుగుపొరుగుని పిలిచిన మనిషి. నడుం విరిగి పడ్డాక ఆ చేతి రొట్టే పాలలో నానబెట్టుకుని తినాల్సివచ్చింది. మిలోయ్కా ఆవిడను రోజుకి నాలుగుసార్లు పక్కకి తిప్పింది, కడిగింది, దుప్పట్లు ఉతికింది, వీపు పుండు పడకుండా ప్లమ్ సారాతో మర్దన చేసింది. వుకోతా ప్రతి సాయంత్రం గుమ్మంలో నిలబడి "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగేవాడు. గుమ్మం దాటి లోపలికి రావాల్సిన అవసరం అతనికి ఏడేళ్ళలో కలగలేదు. ఊరంతా మాత్రం ఎంత మంచి కొడుకు అనేది.

అయితే పొద్దున్న బయల్దేరే ముందు మిలోయ్కా రేడియో పెట్టి వెళ్ళేది, స్తానియా పదకొండింటికి శ్రద్ధగా వినేది. మధ్యాహ్నం కోడలు తిరిగి రాగానే మొదలుపెట్టేది. "ఏమే, ఆ మిర్కో ముసలాడి పేరు అంత గబగబా చదివేశావు, వాణ్ణి తరుముతున్నావా ఏమిటి?" అనేది. "నిన్నటి పిల్ల చావు బాగా చదివావు. ఏడవకుండా చదివావు. అలాగే చదవాలి" అనేది ఇంకోరోజు. ఆ మాటలకి మిలోయ్కాకి మొదట ఒళ్ళు మండేది. పోనుపోను ఒక సంగతి తెలిసింది. ఆమె చేసే పనిని పనిగా చూసి, బాగుందనో బాలేదనో మాట్లాడిన మనిషి ఈ లోకంలో ఆ ముసలావిడ ఒక్కతే.

మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, కిటికీ అవతల మంచు పడుతుండగా, దుప్పటి మారుస్తున్న కోడలి చేయి పట్టుకుంది స్తానియా.

"నాది ఎవరు చదువుతారే?"

"నేనే. ఇంకెవరున్నారు?"

"ఏమని చదువుతావు? యాగోషెవిత్సా అనేనా?"

పెళ్ళయిన రోజు నుంచీ ఆవిడ యాగోషెవిత్సాయే. యాగోష్ గారి పెళ్ళాం అని దానర్థం. మామగారు యాగోష్ బతికే ఉన్నాడు, ఎనభై ఆరేళ్ళకీ దిట్టంగా తిరిగే మనిషి. భార్యను ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఏయ్, ఉన్నావా?" అనేవాడు.

"వాళ్ళు ఏది రాస్తే అదే చదవాలి అత్తయ్యా. నా చేతిలో ఏముంది?"

"గొర్రెవి" అంది స్తానియా. కాసేపు ఊపిరి తీసుకుని, "రూజా పేరు చదువు. దానికి పొగరు. పేరు చదవకపోతే రాదు. నన్ను శవపెట్టెలోనైనా చూడాలి అది" అంది. ఏడేళ్ళలో ఆవిడ కళ్ళల్లో నీళ్ళు మిలోయ్కా చూడటం అదే మొదలు.

రూజా స్తానియా కూతురు, వుకోతాకి చెల్లెలు. కొండకి అవతలి వైపు దుబోకో అనే ఊళ్ళో ఉంటుంది. ఆ ఇంట్లో ఆమె పేరెత్తి పదకొండేళ్ళయింది. అంత నేరం ఏం చేసిందంటే, సంతకం పెట్టలేదు. అక్కడ ఆడపిల్లకి చట్టప్రకారం భాగం ఉంది, కానీ మంచి ఆడపిల్ల గుమాస్తా ముందు కూర్చుని అది అన్నదమ్ములకి రాసిచ్చేస్తుంది. మిలోయ్కా కూడా రాసిచ్చింది. అన్నలు ముద్దుపెట్టుకుని, బంగారు అంచున్న కాఫీ కప్పులు ఆరు బహుమతిగా ఇచ్చారు. వాళ్ళ నాన్న పొలం ఆ ఆరు కప్పులైంది. వాటిలోనే ఇంటికొచ్చినవాళ్ళందరికీ కాఫీ పోస్తుంది. రూజా మొగుడు పోయాక, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, పై గడ్డిమైదానంలో నా భాగం నాకు కావాలి అంది. అంతే. తరువాత పెదనాన్న చావుకి వస్తే, 'నీ పేరు చదవలేదుగా' అని, మరే ఆడమనిషినీ ఆపని సాకుతో, తండ్రే ఆమెను గేటు దగ్గర నుంచి తిప్పి పంపేశాడు. వానలో వెనక్కి నడిచి వెళ్తున్న రూజాను మిలోయ్కా వంటింటి కిటికీలోంచి చూసింది. చేతిలో కాఫీ గిన్నె ఉంది. గిన్నె దించి ఒక్క మాట అనలేదు.

స్తానియా మంగళవారం తెల్లవారుజామున పోయింది. కడిగి, నల్లబట్టలు తొడిగి, జుట్టు దువ్వింది మిలోయ్కా. పొద్దున్నే మగవాళ్ళు వంటింటి బల్ల చుట్టూ కూర్చుని ప్రకటన రాయడం మొదలుపెట్టారు. యాగోష్ చెబుతున్నాడు, వుకోతా రాస్తున్నాడు, రెండో కొడుకు ద్రాగిచ్ తల ఊపుతున్నాడు. మిలోయ్కా, తోడికోడలు స్లావిత్సా కాఫీ పోస్తున్నారు.

"రాయి. 'కొద్దిపాటి అనారోగ్యం తరువాత, యాగోష్ భార్య స్తానియా బోయిచ్ కన్నుమూసింది.'"

కాఫీ పోస్తున్న చేయి ఆగింది. కొద్దిపాటి! రెండువేల అయిదువందల రోజులు, రోజుకి నాలుగుసార్లు, ఎండిపోయినా కట్టెదుంగంత బరువున్న ఆ ఒంటిని ఎత్తి తిప్పిన నడుం మిలోయ్కాది. వంగితే లేవదు, లేస్తే వంగదు. అందరూ అలాగే రాస్తారు నిజమే, అది వాడుక మాట. కానీ ఈ వాడుక ఎవరికి సౌకర్యంగా ఉందో ఆమెకి ఆ క్షణంలో స్పష్టంగా కనిపించింది.

"'దుఃఖంలో ఉన్నవారు: భర్త యాగోష్, కొడుకులు వుకోతా, ద్రాగిచ్, మనవడు లూకా...'"

"రూజా పేరు?" అంది మిలోయ్కా.

యాగోష్ తల తిప్పకుండా అడిగాడు.

"రూజా ఎవరు?"

"మీ కూతురు మామయ్యా. అత్తయ్య అడిగారు. రూజా పేరు చదవమని పోయే ముందు నన్ను అడిగారు."

"పోయేముందు ముసల్దానికి మతి ఉంటుందా? నాకు పిల్లలు ఇద్దరు. రాయరా."

వుకోతా పెన్ను ఎత్తి పెళ్ళాం వైపు చూశాడు. "నువ్వు చదివేదానివి. రాసేదానివి కాదు. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. తరువాత లెక్కగా పేర్లు సాగాయి, పద్దెనిమిది మగపేర్లు. ఆఖర్న మిగతా ఇంటివాళ్ళు.

మర్నాడు బుధవారం పొద్దున్న, ఇంట్లో శవం ఉండగా, మిలోయ్కా పనిలోకి వెళ్ళాల్సి వచ్చింది. వేరే ఎవరూ చదవరు కదా. "పోయి చదివేసి రా" అన్నాడు వుకోతా. "నీ అంత బాగా ఎవరూ చదవరు." ఇరవై ఒక్క ఏళ్ళకి అదే మొదటి మెచ్చుకోలు. వెంటనే, "తొందరగా వచ్చెయ్, మాంసం కోయాలి, మధ్యాహ్నం నుంచి జనం వస్తారు" అని కూడా అన్నాడు.

బయల్దేరే ముందు ఆమె పెరట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న స్లావిత్సా పక్కన కూర్చుంది. తాను ఏం చేయబోతోందో నాలుగు ముక్కల్లో చెప్పింది. స్లావిత్సా కత్తి కిందపెట్టి అటూ ఇటూ చూసింది.

"చంపేస్తారక్కా."

"శవం లేచేదాకా చంపరులే. జనం ఉంటారు."

స్లావిత్సా ఇంకో రెండు దుంపలు చెక్కింది. "నా పేరూ పెట్టు" అంది. "మొదట్లో పెట్టకు. చివర్న ఎక్కడో పెట్టు."

స్టూడియో గోడ మీది ఆ అట్టకి కింద రెండో వాక్యం ఒకటుంది, ఎవరూ పట్టించుకోనిది. 'అంతిమ వందనం ఎవరు తెచ్చినా చదవాలి, డైరెక్టర్ ముద్ర ఉంటే చాలు' అని. అంటే పోయినవాళ్ళకి బయటివాళ్ళు చెప్పే వీడ్కోలు మాట. వేటగాళ్ళ సంఘం పోయిన వేటగాడికి పంపుతుంది, కలప మిల్లు వాళ్ళు తోటి పనివాడికి పంపుతారు. ఒకసారి సారా దుకాణం వాడు తన దగ్గర రోజూ తాగిన మనిషికి పంపితే అదీ చదివారు. ఇంట్లోవాళ్ళు మాత్రం పంపరు. ఒకే ఇంటి నుంచి రెండు కాగితాలు వస్తే ఆ ఇల్లు రెండు ముక్కలైందని అర్థం. మిలోయ్కాకి అది బాగా తెలుసు. ఆ ఇంట్లోంచి ఆమెనీ గేటు బయటికి పంపవచ్చని తెలుసు, ఈ ఉద్యోగం కూడా పోవచ్చని తెలుసు. స్టూడియోలో ఖాళీ కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీసింది. ఇన్నేళ్ళూ చదివింది గానీ రాయలేదు.

"అయ్యో, ఇవాళ కూడా వచ్చావా తల్లీ" అన్నాడు మోమిర్, కుర్చీలోంచి లేవకుండా. "మీ అత్తగారు మహాతల్లి. కాఫీ నేను పెట్టుకోనా?"

ఆమె పెట్టిచ్చింది. కప్పు పక్కన ఆ రోజు కాగితాల కట్ట పెట్టింది. మోమిర్ ఒక చేత్తో కప్పు పట్టుకుని రెండో చేత్తో టక టక ముద్రలు వేశాడు, అయిదు కాగితాలకి అయిదు. ఆయన చదవడు. చదవడం ఆమె పని.

పిల్లనగ్రోవి ఆగింది. మిలోయ్కా ముందు కుటుంబం ఇచ్చిన ప్రకటన చదివింది. ఒక్క అక్షరం మార్చలేదు. కొద్దిపాటి అనారోగ్యం అనీ చదివింది, కొడుకులు ఇద్దరనీ చదివింది, పద్దెనిమిది మగపేర్లూ స్పష్టంగా చదివింది. ఇంటి దగ్గర మగవాళ్ళు రేడియో చుట్టూ చేరి తలలు ఊపుతూ ఉంటారని ఆమెకి తెలుసు. తరువాత రెండో కాగితం తీసింది.

"అంతిమ వందనం. స్తానియాకి. నీ జబ్బు కొద్దిపాటిది కాదు స్తానియా, ఏడేళ్ళు మంచం మీద ఉన్నావు. నువ్వు ముగ్గురిని కన్నావు. వుకోతా, ద్రాగిచ్, రూజా. పోయే ముందు నువ్వు తలుచుకున్నది కూతుర్ని. రూజా, దుబోకోలో రేడియో దగ్గర ఉన్నావు, వింటున్నావు. మీ అమ్మ నిన్ను రమ్మంది. పెట్టె ఇవాళ ఇంట్లో ఉంటుంది, రేపు ఒంటిగంటకి లేస్తుంది. దుఃఖంలో ఉన్నవారు: కూతురు రూజా, కోడలు మిలోయ్కా, మనవరాలు తియానా, కోడలు స్లావిత్సా. ఇది రాసినదీ చదివినదీ మిలోయ్కా బోయిచ్. ఇరవై ఒక్క ఏళ్ళుగా మీకు చదువుతున్నది నేనే."

గొంతు ఎక్కడా దిగలేదు.

మోమిర్ కప్పుతో సహా పరుగెత్తుకొచ్చాడు. కాఫీ చొక్కా మీద ఒలికింది. "ఏం చదివావు? ఏమిటది?"

"మీరు ముద్ర వేసిందే."

"నేనెప్పుడు చదివి వేశాను!"

"అది నిజమే" అంది మిలోయ్కా. ఫోను మోగుతోంది, ఇంటి నంబరు. మైకుకి గుడ్డ కప్పి, కోటు తొడుక్కుని వచ్చేసింది. ఆయన కప్పు కడగలేదు.

ఇంటి ముందు మగవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. గేటు దాకా జనం. అరవడానికి లేదు, చేయి చేసుకోవడానికి అసలే లేదు, శవం ఉన్న ఇల్లు. వుకోతా ఎవరి చేతినో ఊపుతూ, మొహం నిండా దుఃఖం పెట్టుకుని, పళ్ళ సందుల్లోంచి "రేపు మట్టి పడనీ, నీ సంగతి చెప్తా" అన్నాడు. యాగోష్ ఆమె వైపు చూడనే లేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి మాంసం కోసింది, ఆరు కప్పుల్లోనూ కాఫీ పోసింది. రెండయింది. మూడయింది. రూజా రాలేదు. దుబోకోలో ఇవాళ కరెంటు పోయిందేమో, రేడియో పెట్టలేదేమో, విన్నా రాకూడదనుకుందేమో. ఇల్లు రెండు ముక్కలు చేసి చివరికి సాధించింది ఇదా అనుకుంటూ కప్పులు కడిగింది.

మూడున్నరకి ఒక ట్రాక్టరు రోడ్డు మలుపులో ఆగింది. మోకాళ్ళ దాకా మంచు బురద అంటిన నల్లగౌను మనిషి దిగి, గేటు తీసుకుని లోపలికి వచ్చింది. జనం పక్కకి జరిగారు. యాగోష్ కర్ర నేలకి తాటించాడు.

"నిన్నెవరు పిలిచారు?"

"అమ్మ పిలిచింది" అంది రూజా. "పదకొండింటికి. అందరూ విన్నారు."

రూజా లోపలికి వెళ్ళి తల్లి దగ్గర చాలాసేపు ఉంది. తిరిగి వచ్చి వరుస చివర, మగవాళ్ళకి రెండడుగుల దూరంలో, ఒంటరిగా నిలబడింది. పై ఊరి నుంచి వచ్చిన ముసలాయన ఒకడు అప్పుడే యాగోష్ చేయి, కొడుకుల చేతులు పట్టుకుని పలకరించడం ముగించాడు. టోపీ తీసి, ఒక క్షణం తటపటాయించి, ఆ రెండడుగులూ నడిచి రూజా చేయి పట్టుకున్నాడు. "మీ అమ్మ పేరు స్తానియా అని నాకు ఇవాళే తెలిసిందమ్మా" అన్నాడు.

కిటికీలోంచి చూస్తున్న మిలోయ్కా చేతిలో ఇప్పుడూ కాఫీ గిన్నె ఉంది. ఈసారి పొయ్యి పక్కన దించింది. ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించి, పెరట్లోంచి కాకుండా ముందు గుమ్మంలోంచి బయటికి వచ్చి, రూజా పక్కన నిలబడింది. వెనకాల అడుగుల చప్పుడు. స్లావిత్సా, చేతులు తుడుచుకుని, కూతురు తియానా చేయి పట్టుకుని. చివర్న నిలబడింది, తాను అడిగినట్టే.

వుకోతా వరుసలోంచి మెడ సాచి చూశాడు. మొహం ఎర్రబడింది.

"మీరంతా ఇక్కడుంటే వంటింట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అంది మిలోయ్కా, ఎదురుగా వచ్చిన మనిషికి చేయి చాస్తూ.